రాని నీళ్ళ అంకెలు

టీచరుగారు పోయారన్న కబురు నాకు కొల్లేటికోట నుంచి ఏడుకొండలు ఫోన్లో చెప్పాడు. చెప్పాడు అనకూడదేమో. ముందు మా ఇంట్లోవాళ్ళ ఆరోగ్యం అడిగాడు. తాడేపల్లిగూడెంలో వానలు పడుతున్నాయా అని అడిగాడు. చెరువుల్లో ఈ ఏడు చేప సరిగ్గా ఎదగలేదన్నాడు. చివరికి, "టీచరుగారిని నిన్న ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేశారండీ" అని ఆగిపోయాడు.

"పోయారా?" అని నేనే అడిగాను.

"ఆ మాట మీరన్నారండీ, నేననలేదు" అన్నాడు.

మనిషి పోయాక కూడా ఆ మాట నోటితో అనలేడు. అతనంతే.  నా సొంతవాళ్ళు కొందరు పోయినప్పుడు కూడా నాకింత దుఃఖం రాలేదు, ఉన్నమాట చెబుతున్నాను.

ఆవిడ ఎక్కడ పుట్టారు, ఎన్ని బళ్ళలో లెక్కలు చెప్పారు, అవన్నీ సంతాపసభలో చెప్పేవాళ్ళు చెబుతారు. నాకు ముందుగా గుర్తొచ్చేవి ఆవిడ వేళ్ళు. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కణుపుల మీదా లెక్కపెట్టేవారు. వేలికి మూడు గీతలు, పైన కొస ఒకటి. నాలుగు నాలుగులు పదహారు. కంప్యూటరు లెక్కలు పదహార్లలో చేస్తామని మేం పుస్తకాలు చదివి నేర్చుకుని గొప్పలు పోతుంటే, "మా నాయనమ్మ వడ్లు కొలిచేటప్పుడు పదహార్లలోనే లెక్కపెట్టేదండీ, ఆవిడకి ఎవరూ సర్టిఫికెట్ ఇవ్వలేదు" అని నవ్వేవారు. నోట్లో ఎప్పుడూ ఒక లవంగం ఉండేది. ఎదుటివాడు కాలేజీ కుర్రాడైనా, రిక్షా తొక్కేవాడైనా ఏవండీ, మీరు అనే పిలుపే. ఆఖరికి కంప్యూటరు మొరాయించినా, "ఏవండీ, ఏం కష్టమొచ్చిందండీ మీకు?" అని దాన్నే అడిగేవారు.

రెండువేల సంవత్సరం దాటిన నాలుగైదేళ్ళకి ఏలూరులో ఒక చిన్న వరద సహాయ సంఘం ఉండేది. ఒక చర్చి వెనక పెంకుల గది దాని ఆఫీసు. బుడమేరూ తమ్మిలేరూ తెచ్చిన నీళ్ళన్నీ కొల్లేటిలో పడతాయి, బయటికి పోవడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి. చేపల చెరువుల గట్లు లేచాక ఆ దారీ ఇరుకైపోయింది. వానాకాలంలో లంక గ్రామాలు ఎప్పుడు మునుగుతాయో తెలియక, తెలిసేసరికి ఆలస్యమై, జనం నానా అగచాట్లు పడేవారు. అందుకని టీచరుగారు రిటైరయ్యాక ఈ పని నెత్తికెత్తుకున్నారు.

ఏర్పాటు చిన్నదే. కొల్లేటికోటలో బడి పక్కన గట్టున ఒక కర్ర పాతారు. దాని మీద అడుగు నుంచి పైదాకా సెంటీమీటర్ల గీతలు. ఏడుకొండలు చేపల చెరువుల మీద పని చేసేవాడు, పదో తరగతి దాకా చదివాడు. అతను గీత చూసి కీబోర్డు మీద అంకె కొడితే, బ్యాటరీ మీద నడిచే ఒక రేడియో పెట్టె ఆ అంకెను ఏలూరుకీ, మా గూడేనికీ ఒకేసారి పంపేది. అది అంకె మోస్తుంది తప్ప మాట మొయ్యదు. ఏలూరువాళ్ళు అంకె చూసి పడవలు పంపాలి. గూడెంలో మేం బియ్యం, టార్పాలిన్లు లారీకెక్కించాలి. పెద్ద వానలో ఫోన్లు చచ్చిపోతాయి కాబట్టి కోటలో ఉన్నవాళ్ళ ప్రాణాలకి ఆ అంకె ఒక్కటే దిక్కు.

చిక్కు ఎక్కడొచ్చిందంటే, మూడు చోట్లా మూడు కంప్యూటరు భాషలు. కోటలో ఎవరో దానమిచ్చిన ముసలి యంత్రానికి టీచరుగారు సి భాషలో ప్రోగ్రాం రాశారు. నాకు వచ్చింది విజువల్ బేసిక్, గూడెంలో అదే పెట్టాను. ఏలూరు కుర్రాడు సుధాకర్ అప్పుడే హైదరాబాదులో జావా నేర్చుకుని వచ్చాడు, ఇంకో భాష ముట్టుకోనన్నాడు. అన్నీ ఒకే భాషలోకి మార్చేద్దామని నేనోసారి అన్నాను.

"ఎందుకండీ బేసిక్‌గారూ?" అన్నారు టీచరుగారు. నా పేరు మానేసి అలాగే పిలిచేవారు. "మీ ఇంట్లో మాట తీరు వేరు, మీ వియ్యాలవారింట్లో వేరు. పెళ్ళిళ్ళు ఆగాయా? పెట్టుపోతలు ముందే తేటగా మాట్లాడుకుంటే చాలండీ. ఎవరింటి మాట వారిది."

ఆ మాట్లాడుకోవడాన్ని ఆవిడ రెండు పేజీల్లో రాశారు. మొదటి గడిలో ఊరి నంబరు, రెండో గడిలో నీళ్ళ ఎత్తు, మూడో గడిలో ఆ రెండూ కూడిన మొత్తం, దారిలో ఏదైనా చెడితే తెలియడానికి. అంతే. సుధాకర్ ఒకసారి వాన ఎంత పడిందో కూడా పంపిద్దామని రెండో గడి ముందు ఇంకో గడి దూర్చబోయాడు. "బంతిలో కూర్చున్నవాళ్ళని లేపకండి జావాగారూ. కొత్తగా వచ్చినవారిని చివర కూర్చోబెట్టండి. కోటలో ఉన్న ముసలాయన పాత వరసే చూసుకుంటాడు పాపం" అన్నారు. ముసలాయన అంటే ఆ యంత్రం. దాన్ని ఎవరూ అర్థం చేసుకోని రోజు రాకూడదని ఆవిడ పట్టుదల.

పంపేశాను అంటే ఆవిడకి నచ్చేది కాదు. "పంపడం సరేనండీ, అవతలివారికి ఏం అందిందో కనుక్కుని చెప్పండి" అనేవారు. నేను ఇంట్లో కూడా ఈ మాట వాడి మా ఆవిడ చేత తిట్లు తిన్నాను.

వానాకాలం ముందు శనివారాల్లో అందరం ఏలూరులో చేరేవాళ్ళం. ఏడుకొండలు ముసలాయన్ని అట్టపెట్టెలో పెట్టుకుని పడవెక్కి, బస్సెక్కి వచ్చేవాడు. నేను నా డబ్బా పట్టుకుని ప్యాసింజరు రైల్లో దిగేవాణ్ణి. చర్చిలో కీర్తనలు చదివే పద్ధతి ఒకటుంది. పాస్టరుగారు ఒక వచనం చదువుతారు, సంఘమంతా కలిసి తర్వాతి వచనం చదువుతుంది. టీచరుగారు మా చేత అంకెలు అలా చదివించేవారు. మూడు యంత్రాలు మూడు గోడలకి తిప్పి, ఒకరి తెర ఒకరికి కనిపించకుండా కూర్చోబెట్టేవారు. ఏడుకొండలు కాగితం మీది అంకె పైకి చదివి కొడతాడు. నా తెర మీద ఏం కనిపించిందో నేను చదవాలి, తర్వాత సుధాకర్. "విన్నది చెప్పకండి, కనిపించింది చెప్పండి" అని మధ్యమధ్య హెచ్చరిక. ఏడుకొండలు ఆ చదువులో భజన చేసినంత హుషారుగా ఊగేవాడు. గుమ్మం దగ్గర పాస్టరుగారు నిలబడి, మేం ఏ కీర్తన చదువుతున్నామో తెలియక తికమకపడి వెళ్ళిపోయేవారు.

ఒక శనివారం ఏడుకొండలు వెంట వాళ్ళ నాన్న కూడా వచ్చాడు. పెద్దాయన, కొల్లేటిలో పుట్టి కొల్లేటిలోనే జుట్టు నెరిసినవాడు. టీచరుగారికని తాటాకు బుట్టలో కొరమేనులు తెచ్చాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు, అరుగు మీద చతికిలబడి కొడుకు చదవడం వింటూ మురిసిపోయాడు. టీచరుగారు పళ్ళెంలో పులిహోర పెట్టి ఇచ్చారు.

ఏడుకొండలు నూట ఇరవై దాకా చదివి ఆగిపోయాడు. కాగితం మీద ఇంకా అంకెలున్నాయి, రెండొందల యాభై అయిదు దాకా.

"చదవండి బాబూ" అన్నారు టీచరుగారు.

"అంతకుమించి నీళ్ళు మా తాత కూడా చూడలేదండీ. ఆ పైవి నేను కొట్టనండీ."

"ఊరికే పరీక్షకేనండీ."

"పరీక్షకైనా సరేనండీ. తథాస్తు దేవతలుంటారు."

మనం నోరు జారిన మాటకి పైన తిరిగే దేవతలు తథాస్తు అనేస్తారని మావైపు ఏ ఇంట్లోనైనా పెద్దవాళ్ళు పిల్లల నోళ్ళు మూయిస్తారు. సుధాకర్‌ది చర్చి కుటుంబమే, కానీ అతను కూడా "మా అమ్మా అంతేనండీ, చెడు మాటంటే నోటి మీద కొడుతుంది" అన్నాడు. నేను చదువుకున్నవాణ్ణని పేరు, నాకూ ఆ అంకెలు వినాలనిపించలేదు. అరుగు మీంచి పెద్దాయన లేచొచ్చి చేతులు కట్టుకుని, "అమ్మగారూ, రాని నీళ్ళని పేరెట్టి పిలవకూడదమ్మా. పిలిస్తే పలుకుతాయి. మేం వాటి మీద బతికేవాళ్ళం" అన్నాడు.

టీచరుగారు బల్లమీది కాగితం వైపూ, ఆయన వైపూ చూశారు. బడిలో పొద్దున్నే ప్రార్థన జరిగేటప్పుడు చేతులు జోడించని పిల్లల్ని ఆవిడ ఏనాడూ ఎందుకని అడగలేదట. ఎవరి నమ్మకం మీదా చెయ్యి వెయ్యకూడదని ఆవిడ నియమం. కాసేపు లవంగం కొరుకుతూ కూర్చుని, కాగితం మడిచేశారు.

"సరేనండీ, మీ మనసుకి కష్టమైతే వద్దు. పులిహోర చల్లారిపోతోంది, తినండి" అన్నారు.

చదవకుండా మడిచేసిన ఆ అంకెల్లోనే మా తప్పు కూర్చుని ఉంది. ఒక గడిలో రెండొందల యాభై అయిదు దాకా అంకె పడుతుంది. కోటలో సి భాష ప్రోగ్రామూ, నా విజువల్ బేసిక్కూ దాన్ని ఉన్నదున్నట్టు చదువుతాయి. జావా మాత్రం నూట ఇరవై ఏడు దాకా బాగానే చదివి, ఆ పైన ఏ అంకె వచ్చినా అందులోంచి రెండొందల యాభై ఆరు తీసేసి, సున్నకి దిగువన, మైనస్‌గా చదువుతుంది. అది ఆ భాష అలవాటు. మూడో గడినీ అలాగే చదువుతుంది కాబట్టి కూడిక సరిపోయి తప్పు బయటపడదు. తెలిసుంటే సుధాకర్ ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. నూట ఇరవై దాకా మూడు గోడల దగ్గరా ముగ్గురం ఒకే మాట చదివాం కాబట్టి, ఆ అలవాటు సంగతి మాలో ఎవరికీ తెలియలేదు.

ఆ ఏడు వాన పట్టుకుంటే వదల్లేదు. పైన తమ్మిలేరు పొంగింది. గూడెంలో మాకూ ఎర్రకాలువ రోడ్ల మీదికొచ్చింది. ఆ పొద్దున నా తెర మీద కోట అంకె పెరుగుతూ పోతోంది. మధ్యాహ్నానికి నూట ముప్పై రెండు.  తాత కూడా చూడని నీళ్ళు వచ్చేశాయి, కొట్టనన్న మనిషే కొట్టి పంపుతున్నాడు. ఏలూరుకి ఫోన్ చేస్తే సంఘం సెక్రటరీగారు ఎత్తారు. మంచివాడే, మూడు రోజులుగా నిద్రలేని మనిషి.

"కోటకి పడవలు బయల్దేరాయా అండీ?" అని అడిగాను.

"కోటకెందుకండీ? అక్కడ నీళ్ళు తీసేశాయి. మైనస్ నూట ఇరవై నాలుగు చూపిస్తోంది, భయం లేదన్న పచ్చరంగు కూడా వచ్చింది. ఉన్న పడవలు అవతలి లంకలకి పంపించేశాను."

"నా దగ్గర నూట ముప్పై రెండుందండీ!"

"మీది పాత ప్రోగ్రాం కదండీ. తడిసిందేమో చూసుకోండి" అని పెట్టేశారు. మళ్ళీ చేస్తే లైను దొరకలేదు. సుధాకర్ ఏ లంకలోనో బియ్యం మూటలు మోస్తున్నాడు. నాకు చేతనైన పని లారీ నింపడమే, నింపుతూ ఆ పచ్చరంగుని బూతులు తిట్టాను.

టీచరుగారు చెల్లెలింటికి జంగారెడ్డిగూడెం వెళ్ళి, దారిలో బస్సు ఆగిపోయి, ఎవరిదో ట్రాక్టరెక్కి పెదవేగి మీదుగా తడుస్తూ వచ్చారట. ఏలూరు ఆఫీసు గదిలోకి రాగానే తెర చూశారు. అప్పటికది మైనస్ నూట పదహారు.

"తాడేపల్లిగూడెం ఏమంటోందండీ?" అని సెక్రటరీగారిని అడిగారట.

"ఏవో పెద్ద అంకెలు చెబుతున్నారండీ. మన తెర మీద మైనస్ ఉంది కదా."

"మైనస్ నీళ్ళు ఎక్కడైనా చూశారా అండీ? కర్ర అడుగున నేలండీ. నేల కింద నీళ్ళకి గీత చూసి కొడుతున్నాడా ఏడుకొండలు?" అని, వేళ్ళ కణుపులు లెక్కపెట్టుకుని కూర్చుండిపోయారట. "నూట నలభై. పడవలు వెనక్కి పిలవండి. కోటకి పంపండి" అన్నారట. ఆ మాట చెప్పినప్పుడు ఆవిడ గొంతు ఎప్పటిలాగే మెల్లగా ఉందని, అది వినే తనకి భయం వేసిందని సెక్రటరీగారు తర్వాత నాతో అన్నారు.

పడవలు కోట చేరేసరికి సాయంత్రమైంది. జనం బడి డాబా మీద ఉన్నారు. ఏడుకొండలు మొలలోతు నీళ్ళలో, బడి కిటికీలో పెట్టిన యంత్రం ముందు నిలబడి, బ్యాటరీ చచ్చేదాకా అదే అంకె పంపుతూనే ఉన్నాడు. ఎవరూ రాకపోతే కొట్టడంలో ఏదో పొరపాటు చేశాననుకుని మళ్ళీ మళ్ళీ కొట్టాడట. డాబా మీద వానలో తడిసి తడిసి, వణికి వణికి, పడవలు కనబడకముందే వాళ్ళ నాన్న ప్రాణం పోయింది. మిగతావాళ్ళంతా దక్కారు.

దక్కారు అని రాయడం తేలిక. ఆ తర్వాత టీచరుగారు నవ్వగా నేను చూసింది తక్కువ.

పెద్దకర్మ అయిన తర్వాతి శనివారం మమ్మల్ని పిలిపించారు. సుధాకర్ ఆ ఒక్క వాక్యం రాసి తెచ్చాడు, చూపించేటప్పుడు తల ఎత్తలేదు. సెక్రటరీగారు వెనక బల్ల మీద కూర్చున్నారు. ఏడుకొండలు గుండుతో, యంత్రం ఉన్న అట్టపెట్టెతో గుమ్మంలో నిలబడ్డాడు.

"ఇది అప్పజెప్పి పోదామని వచ్చానండీ. ఇంక నావల్ల కాదు" అన్నాడు. "ఆ వేళ నేను కొట్టనన్నాను కాబట్టే కదండీ మా నాన్న..." ఆ తర్వాతి మాట అతని నోట రాలేదు.

"కొట్టనన్నది మీరు. సరేనన్నది నేను" అన్నారు టీచరుగారు. "మీరు వెళ్ళాక నేనొక్కదాన్నీ కూర్చుని ఆ పై అంకెలు పంపి చూడొచ్చు కదండీ. అదీ చెయ్యలేదు. మీ మనసు నొప్పించకూడదనుకున్నాను, ఊరి సంగతి మరిచాను. అది నా తప్పు బాబూ. మీరు మొయ్యకండి."

యంత్రం గోడ దగ్గర పెట్టించి, దాని ముందు తనే కూర్చున్నారు. అదే పాత కాగితం, మడతలు విప్పి పెట్టుకున్నారు.

"ఈ అంకెలు ఇక ఎప్పుడూ నేనే చదువుతానండీ. తథాస్తు అనేవాళ్ళుంటే నన్ను చూసి అననివ్వండి. ఈ నోటికి ఇంక పెద్ద పనులేం మిగల్లేదు" అన్నారు. నూట ఇరవై ఎనిమిది అని చదివి కొట్టారు. నా తెర మీది అంకె నేను చదివాను. సుధాకర్ కూడా నూట ఇరవై ఎనిమిదే చదివాడు. నూట ఇరవై తొమ్మిది. నూట ముప్పై. ఒక్కటీ వదలకుండా, కీర్తన చదివినట్టు, మెల్లగా చదువుకుంటూ పోయారు. ఏడుకొండలు గుమ్మంలోంచి కదల్లేదు, వెళ్ళిపోనూ లేదు.

నూట ముప్పై తొమ్మిదికి మేమిద్దరం జవాబు చెప్పాం. ఆవిడ కుర్చీలోంచి లేచి పక్కకి జరిగారు.

"ఇది నాది కాదండీ" అన్నారు ఏడుకొండలుతో. "ఈ అంకె మీరు పంపారు. కొట్టకూడదని నమ్మిన మనిషే, నీళ్ళలో నిలబడి కొట్టి పంపారు. మాకు అందలేదు. ఇంకోసారి పంపండి బాబూ."

అతను వచ్చి కూర్చున్నాడు. ఎంతకీ చెయ్యి లేవలేదు. ఆవిడ సాయం చెయ్యలేదు, తొందరపెట్టలేదు. సెక్రటరీగారు ఏదో అనబోతే చేత్తోనే వారించారు. మేం గోడలకేసి తిరిగి ఖాళీ తెరల వైపు చూస్తూ కూర్చున్నాం.

"నూట నలభై" అన్నాడు ఏడుకొండలు, మీట నొక్కుతూ.

"నూట నలభై" అన్నాను.

సుధాకర్ తన తెరని చాలాసేపు చూశాడు. "నూట నలభై" అన్నాడు.

ఏడుకొండలు కీబోర్డు మీదికి ఒరిగిపోయి, వాళ్ళ నాన్న పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చాడు. టీచరుగారు అతని గుండు మీద చెయ్యి వేసి నిలబడ్డారు. ఊరుకోమని మాత్రం అనలేదు.